'కుక్‌డ్' కాదు, 'కుక్ట్'!
పిల్లల టీచరు "హోంవర్క్ చూశారా?" అని ఇంగ్లీషులో అడిగితే 'ఐ చెక్ట్' అనాలి. చివరి 'ట్' మింగేశారా, 'చూస్తుంటాను' అన్న అర్థమొస్తుంది! జరిగిపోయిన పనికి క్రియ చివర రాసే 'ఈ, డి' అక్షరాలను మూడు రకాలుగా పలకాలి. వంటింట్లోనే సాధన చేయండి.

* ట్, డ్‌ల తర్వాత 'ఇడ్': రోస్టిడ్, యాడిడ్.
* క్, చ్, ప్ అనే పరుషాలు, స్, ష్, ఫ్‌ల తర్వాత 'ట్': కుక్ట్, చాప్ట్, వాష్ట్.
* మిగతావాటికి 'డ్': ఫ్రైడ్, బాయిల్డ్, క్లీన్డ్.

అనుమానమొస్తే గొంతుపై వేలుంచి క్రియ చివరి శబ్దం పలకండి. అదిరితే 'డ్', లేదంటే 'ట్'. 'గ్రైండ్' మాత్రం ఈ లెక్కలోకి రాదు; అది 'గ్రౌండ్' అవుతుంది.

వంటయ్యాక, చేసిన ఒక్కో పనినీ పైకి చెప్పుకోండి. వారం తిరిగేసరికి నాలుక తిరుగుతుంది!