రక్షణపేర భక్షణము

ఋణము చేయువాడు రెండు సమయములందు బలహీనుడు. ధనము చేతి కందువఱకు ఎక్కడ నిరాకరింతురో యను భయము. అందిన పిమ్మట ఎట్లు తీర్చుదునో యను భయము. ఈ రెండు భయములను జతపఱచి, వానినే వర్తకపు సరకుగ మార్చుకొన్న ఘనత గ్రేటు బ్రిటనునందలి బ్యాంకులకు దక్కినది. అప్పుతోపాటు, క్రెడిట్ కార్డుతోపాటు, ఇంటి తనఖాతోపాటు "చెల్లింపు రక్షణ బీమా" యను పేర వారు ముఖ్యముగ 1990 నుండి 2010 వఱకు విక్రయించిన పత్రముల సంఖ్య 6 కోట్ల 40 లక్షల వఱకు నుండునని ఆ దేశపు ఆర్థిక ప్రవర్తనాధికార సంస్థ లెక్కించినది. ఆ విక్రయములలో జరిగిన అన్యాయమునకు 2011 నుండి బ్యాంకులు తిరిగి చెల్లించిన మొత్తము 3,800 కోట్ల పౌనులకు మించినది. ఇంత ధనము తిరిగి చేతులు మాఱిన పిమ్మటనైనను, న్యాయము సంపూర్ణముగ జరిగినదా యని విచారించుట యవసరము. ఏలయన, ఈ వ్యవహారమునందలి పాఠము బ్రిటిషువారికి మాత్రమే పరిమితమైనది కాదు.

బీమా యనునది స్వతస్సిద్ధముగ దుష్టమైనది కాదు. ఋణగ్రస్తుడు వ్యాధిపాలైనను, ప్రమాదమునకు లోనైనను, ఉద్యోగమును కోల్పోయినను కొంతకాలము వాయిదాలను బీమా కంపెనీ చెల్లించుట మంచి యేర్పాటే. దాని గుణదోషములను వివరించి, అవసరమైనవానికి మాత్రమే, న్యాయమైన వెలకు అమ్మియుండినచో నెవరును తప్పు పట్టియుండరు. కాని జరిగినది వేఱు. స్వయముగ వృత్తి చేసికొనువారికిని, ఉద్యోగవిరమణ చేసిన వృద్ధులకును నిరుద్యోగ రక్షణ యమ్మిరి. ఉద్యోగమే లేనివాడు ఉద్యోగనష్టమునకు పరిహార మెట్లు కోరగలడు? ఇదివఱకే యున్న రోగములకు బీమా వర్తింపదను నియమమును చిన్న యక్షరములలో దాచిరి. ఈ బీమా తీసికొననిచో అప్పు దొరకదని కొందఱికి చెప్పిరి. తీసికొనినచో సులభముగ దొరకునని మఱికొందఱికి సూచించిరి. దరఖాస్తు పత్రముపై సమ్మతి గుర్తును ముందుగనే వేసియుంచి, సంతకము మాత్రము చేయించుకొనిన సందర్భములును కలవు. తమకు బీమా యున్నదన్న సంగతియే యెఱుగక సంవత్సరముల తరబడి ప్రీమియములు కట్టినవారు లెక్కకు మిక్కిలిగ నుండిరి.

ఇందులో మిగుల క్రూరమైనది ఏకమొత్తపు ప్రీమియము పద్ధతి. ఒకడు 5,000 పౌనుల అప్పు కోరి బ్యాంకునకు వచ్చెననుకొందము. బీమా వెల 1,000 పౌనులని దానిని అప్పులోనే కలిపి, 6,000 పౌనులకు పత్రము వ్రాయించుకొందురు. ఆ వేయి పౌనులు అతని చేతికి రావు. వానిపై వడ్డీని మాత్రము అతడు కడవఱకు కట్టవలెను. అనగా, అప్పు తీర్చలేనివానిని కాపాడుటకని చెప్పి అప్పునే పెంచిరి. కంచె చేను మేసినదను సామెతకు ఇంతకంటె తగిన తార్కాణ ముండబోదు. ఏకమొత్తపు పద్ధతి 2009వ సంవత్సరములో గాని నిలువలేదు.

ఈ వ్యాపారమునందలి లోగుట్టు 2014 నవంబరులో బ్రిటిషు సుప్రీముకోర్టు ముందు బయల్పడినది. ఒక ఋణగ్రాహిణి పారగాన్ అను సంస్థ వద్ద 34,000 పౌనులను పది సంవత్సరములకు అప్పు తీసికొనెను. దానిపై 5,780 పౌనుల బీమా ప్రీమియము చేర్చబడెను. ఋణము పది సంవత్సరములకు గాగా బీమా యైదు సంవత్సరములకే. ఆ 5,780 పౌనులలో నిజముగ బీమా కంపెనీకి చేరినది 1,630 పౌనులు మాత్రమే. తక్కిన 4,150 పౌనులను దళారియు, అప్పిచ్చిన సంస్థయు కమీషనుగ పంచుకొనిరి. నూటికి 71.8 వంతులు! ఈ సంగతిని ఆమెకు తెలుపుట విధియని ఆనాటి వివరమైన నిబంధనలేవియు చెప్పలేదు. అయినను, ఇంత మొత్తము కమీషనైనప్పుడు దానిని మఱుగుపఱచుట ఋణదాతకును ఋణగ్రస్తునకును గల సంబంధమునే అన్యాయముగ మార్చినదని న్యాయమూర్తులు తీర్మానించిరి. నిబంధనలో వ్రాయబడనిది ధర్మమునకు లోబడదని వాదించువారికి ఈ తీర్పు తగిన సమాధానము.

ఈ యన్యాయ మొక్కనాటితో వెల్లడి కాలేదు. ఒక్కనాటితో తొలగింపబడను లేదు. పౌరులకు ఉచిత సలహాల నొసగు "సిటిజన్సు అడ్వైసు" సంస్థ 2005వ సంవత్సరమునందే అధికారులకు విశేష ఫిర్యాదును సమర్పించినది. అటుపై విచారణలు, నివేదికలు, అప్పీళ్లు సాగినవి. పాత విక్రయములనుగూడ పునఃపరిశీలించి పరిహార మొసగవలెనని ఆర్థిక సేవల నియంత్రణాధికారులు 2010లో ఆజ్ఞాపింపగా, బ్రిటిషు బ్యాంకర్ల సంఘము దానిని హైకోర్టులో ప్రతిఘటించినది. సామాన్య సూత్రముల నాధారము చేసికొని గతమును తిరుగదోడుట తగదని వారి వాదము. 2011 ఏప్రిలు 20వ తేదీన ఆ వాదము త్రోసివేయబడినది. మే మొదటి వారమున లాయిడ్స్ బ్యాంకు ప్రతిఘటనను విడనాడి 320 కోట్ల పౌనులను పరిహారమునకై కేటాయించినది. కొలది దినములలో బ్యాంకర్ల సంఘమును అప్పీలు విరమించుకొనినది. మొదట 320 కోట్లనుకొనిన లాయిడ్స్ తుదకు 2,100 కోట్ల పౌనులకు మించి భరింపవలసివచ్చెను. తప్పు నంగీకరించిన పిమ్మటనైనను ప్రవర్తన వెంటనే మాఱినదా? ఫిర్యాదులను సరిగ పరిశీలింపక యన్యాయముగ త్రోసిపుచ్చిన నేరమునకు 2015లో అదే బ్యాంకుపై 11 కోట్ల 70 లక్షల పౌనుల జరిమానా విధింపబడెను. ఈ బ్యాంకే 2008 ఆర్థిక విపత్తులో ప్రజాధనముచే నిలువబెట్టబడిన దనునది మఱువరానిది.

పరిహారము కోరు మార్గము నిజమునకు సులభమైనదిగనే యుండెను. బ్యాంకునకు లేఖ వ్రాయవలసియుండెను. ఎనిమిది వారములలో తగిన సమాధానము రానిచో, లేక వచ్చిన సమాధానము తృప్తికరము కానిచో, ఆర్థిక ఆంబుడ్స్‌మనుకు చెప్పుకొనవలసియుండెను. దీనికి ఋణగ్రస్తు డొక్క పెన్నీయైన చెల్లింప నక్కఱలేకుండెను. తప్పుగ విక్రయించినట్లు తేలినచో కట్టిన ప్రీమియము, దానిపై కట్టిన వడ్డీ, ఆపైన సంవత్సరమునకు నూటికి 8 చొప్పున సాధారణ వడ్డీయు లభించుట ఆనాటి పద్ధతిగ నుండెను. ఇట్లుండగా లక్షలాది ప్రజలు మధ్యవర్తులను ఆశ్రయించిరి. ఈ మధ్యవర్తులు పగలనక రాత్రియనక టెలిఫోనులు చేసి జనులను వేధించిరి. ఒక ఫారము నింపినందుకు ప్రతిఫలముగ వచ్చిన సొమ్ములో నాలుగవ వంతును, అంతకు మించియు కాజేసిరి. వారి రుసుము నూటికి 20కి, దానిపై పన్నునకు మించరాదను శాసనము 2018లో గాని రాలేదు. పీడితుని సొమ్ములో మొదటి వాటా బ్యాంకునకు, రెండవ వాటా న్యాయము నిప్పింతునని వచ్చినవానికి! చట్టము వలన కలిగిన హక్కును సామాన్యుని భాషలో సామాన్యునికి తెలుపని ప్రభుత్వము, ఆ హక్కును దళారులకు వేలము వేసినట్లే.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఎవరికి ఏ బీమాను, ఏ దినమున, ఏ వెలకు అమ్మిరో బ్యాంకుల లెక్కలలో నున్నది. పేరు, చిరునామా, కట్టిన ప్రతి వాయిదా వారి పుస్తకములలోనే యుండెను. ఋణగ్రస్తుని వద్దనో, ఇరువది సంవత్సరముల క్రిందటి చిత్తుకాగితము కూడ లేదు. అయినను, పరిహారవిధానము ప్రధానముగ అడిగినవానికే యిచ్చు విధానముగ నడచినది. పూర్వము తిరస్కరింపబడిన కొందఱికి లేఖలు వ్రాసిన మాట నిజము. ప్రకటనలు చేసిన మాటయు నిజము. కాని పుచ్చుకొనునప్పుడు అడుగక పుచ్చుకొనిన సొమ్మును, ఇచ్చునప్పుడు మాత్రము అడిగిననే యిత్తుమనుట యే ధర్మము? చదువుకొన్నవాడు, ధైర్యముగలవాడు, తీరికగలవాడు అడిగి తెచ్చుకొనును. వృద్ధుడు, రోగి, భాష రానివాడు, అప్పు చేసితినను సిగ్గుతో నోరు మెదపనివాడు నష్టపోవును. రక్షణము ఎవరికెక్కువ యవసరమో, వారికే యీ విధానము తక్కువగ చేరును.

శిక్ష యెవరిపై బడినదనునదియు విచార్యమే. విక్రయ లక్ష్యములను విధించి, వాని మూలమున బోనసుల నందుకొనినవారు కొందఱు. పరిహారము చెల్లించినది బ్యాంకు ఖజానా, అనగా దాని వాటాదారులు. 2012లో లాయిడ్స్ తన యధికారులు కొందఱి బోనసులలో కొంతభాగమును వెనుకకు తీసికొనినది. ఇది మెచ్చదగినదే, కాని జరిగిన నష్టముతో పోల్చినచో ఏనుగు దాహమునకు చూరునీళ్లు. వ్యక్తులకు భయము లేనిచోట సంస్థకు విధించిన జరిమానా, వ్యాపారపు ఖర్చులలో నొక పద్దుగ మిగిలిపోవుననుట మా యభిప్రాయము. 2025 ఆగస్టులో అదే సుప్రీముకోర్టు మోటారుకారు ఋణములలో దాచబడిన కమీషనును గూర్చి యొక ఋణగ్రస్తుని పక్షమున తీర్పు చెప్పవలసి వచ్చినదనగా, వ్యాధి యొక యవయవమును విడిచి వేఱొక యవయవమును పట్టినదని స్పష్టము.

ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29వ తేదీ తుది గడువుగ నిర్ణయింపబడి, అది ముగిసినది. గడువు లేని వ్యాజ్యము ఉభయులకును భారమే యని యొప్పుకొందుము. అయితే న్యాయస్థానముల ద్వారములు పూర్తిగ మూయబడలేదు. అన్యాయమైన ఋణసంబంధమును గూర్చిన దావాకు కాలపరిమితి ఆ సంబంధము ముగిసిన దినమునుండి లెక్కింపవలెనని 2023 అక్టోబరునందును, కమీషనును బుద్ధిపూర్వకముగ దాచినచోట ఆ దాచిన సంగతి బయటపడువఱకు, లేక తగిన శ్రద్ధతో కనుగొన వీలగువఱకు, కాలపరిమితి నడువదని 2023 నవంబరునందును సుప్రీముకోర్టు తీర్పు లిచ్చినది. ఈ రెండవ వ్యాజ్యములో కమీషను నూటికి 95 వంతులకు మించియుండెనట! బ్రిటనులో స్థిరపడి ఆ కాలమున అప్పులు తీసికొన్న తెలుగు కుటుంబములవారు తమ పాత పత్రములను సరిచూచుకొని, తొందరపడి దళారుల చేత చిక్కక, యోగ్యులైన న్యాయవాదుల యభిప్రాయము తీసికొనుట మేలు. కోర్టుఖర్చులు వచ్చెడి సొమ్మును మించకుండ చూచుకొనుటయు వివేకము.

దూరదేశపు కథయని మనము నిశ్చింతగ నుండదగునా? గృహఋణమునకు పోయిన యుద్యోగి చేతిలో బీమా పత్రమును, బంగారముపై అప్పునకు పోయిన రైతు చేతిలో ప్రమాదబీమాను ఉంచి పంపుట మన పట్టణములలోను వినవచ్చుచున్నదే. బీమాను తప్పుగ నంటగట్టుట వలన ఋణభారము పరోక్షముగ పెరుగుచున్నదని 2024 నవంబరులో కేంద్ర ఆర్థికమంత్రిణి బ్యాంకులనే యుద్దేశించి పలికియున్నారు. భారత బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ కార్యస్థానము మన హైదరాబాదునందే యున్నది. పత్రము చేతికందిన 30 దినములలోపల వలదని తిరిగి యిచ్చివేయు హక్కును ఆ సంస్థ 2024 నియమములలో కల్పించినది. దీపము క్రిందనే చీకటి యన్నట్లు, ఈ హక్కు నెఱిగిన ఋణగ్రస్తులు హైదరాబాదునందే యెందఱు?

కావున మేము మూడు విషయములను కోరుచున్నాము. అప్పిచ్చువాడు బీమా నమ్మునప్పుడు తనకు దక్కు కమీషనును రూపాయలలో, ఋణగ్రస్తుని మాతృభాషలో, సంతకమునకు ముందే వ్రాసి చూపవలెను. అప్పు మంజూరైన దినముననే బీమాను అంటగట్టు నాచారము తొలగవలెను. బ్రిటనులో 2012 నుండి అమలునకు వచ్చిన పద్ధతి ప్రకారము ఋణవిక్రయమునకును బీమావిక్రయమునకును నడుమ ఏడుదినముల యెడముండవలెను. తప్పు విక్రయము రుజువైనచోట, అడిగినవానికే గాక, లెక్కలలోనున్న ప్రతివానికిని బ్యాంకే వెదకి సొమ్ము ముట్టజెప్పవలెను.

ప్రజల వంతునకును కొంత కర్తవ్యము కలదు. అప్పుపత్రముపై వ్రాసిన మొత్తమెంత, చేతికందిన మొత్తమెంత, నడుమ తగ్గిన సొమ్ము దేనికని ప్రతివాడును అడుగవలెను. బీమా తప్పనిసరియని చెప్పినచో ఆ మాటను వ్రాసి యిమ్మని కోరవలెను. వ్రాసి యిచ్చువా డుండడు. ఋణము ముందుగ తీఱినచో మిగిలిన కాలపు ప్రీమియము తిరిగి వచ్చునాయని మొదటనే తెలిసికొనవలెను. అప్పు చేయుట నేరము కాదు; ప్రశ్నించుట అమర్యాద కాదు. బ్రిటిషు ఋణగ్రస్తులు పది సంవత్సరములు బిగ్గరగ నడిగి 3,800 కోట్ల పౌనులను రాబట్టుకొనిరి. మనవారు సంతకమునకు ముందే, ఆ బల్లయొద్దనే యడుగుట నేర్చినచో, అంత సొమ్మును పోగొట్టుకొని వెదకుకొను దురవస్థ మనకు రాకుండును.