ఊరికే ఎవరు చేస్తారు?

"ఊరికే ఎవురు చేస్తారప్పా ఈ కాలంలో?"

పోయిన నెల మా హోసూరు సమావేశంలో ఒక పెద్దాయన ఈ మాట అన్నారు. అనగానే అందరం నవ్వాం. ఆ నవ్వుల మధ్యనే ఒక మంచి పని వాయిదా పడిపోయింది. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను గనుక ఈ నాలుగు ముక్కలు రాయక తప్పడం లేదు.

జరిగింది ఇది. ఊరి చివర కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్ల పక్కన రేకుల షెడ్లు వేసుకొని కూలివాళ్ళు కాపురం ఉంటున్నారు. కొందరు శ్రీకాకుళం వైపువాళ్ళు, ఎక్కువమంది ఒడిశావాళ్ళు. పిల్లలు చాలామంది బడికి పోవడం లేదు. మా సంఘంలో ఒక కుర్రవాడు లేచి, "సంఘం గది సాయంత్రాలు తాళం వేసే ఉంటుంది గదా, వారానికి మూడు రోజులు గంటన్నర చొప్పున ఆ పిల్లలకు అక్షరాలూ లెక్కలూ చెబుదాం" అన్నాడు. దానికి మూడు జవాబులు వచ్చాయి. మొదటిది పెద్దాయన మాట. దానికి తోకగా, "కార్పొరేషన్ ఎన్నికలు వస్తాయి గదా, కుర్రవాడు ముందే చూసుకుంటున్నాడు" అని ఇంకొకరు అన్నారు. రెండో జవాబు, "తెలుగు పిల్లలైతే సరే, ఒడియా పిల్లలు మనకెందుకు?" మూడోది జవాబు కాదు, మౌనం. మిగిలిన పదిహేనుమందిమి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ తర్వాత కాఫీ వచ్చింది.

మనిషి మనిషికి ఎందుకు సాయపడతాడు, ఎందుకు పడడు అన్నది పెద్ద ప్రశ్న. దానికి జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఆ సాయంత్రపు మూడు జవాబులూ విప్పి చూస్తే చాలు.

మొదట పెద్దాయన మాట. ప్రతి సాయం వెనుకా స్వార్థమే ఉందనే ఈ వాదం తెలివిగా వినిపిస్తుంది. దాన్ని ఓడించడమూ కష్టమే, ఏ ఉదాహరణ చూపినా మింగేస్తుంది గనుక. డబ్బు కోసం కాదంటే పేరు కోసం అంటారు. పేరు కాదంటే పుణ్యం కోసం. పుణ్యమూ కాదంటే తన తృప్తి కోసం. ఏ సాక్ష్యం తెచ్చినా మారని మాట తీర్పు కాదు, మొండిపట్టు.

గోదావరి సీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) దారిన పోయేవాళ్ళకూ వరదలో చిక్కినవాళ్ళకూ వేళకాని వేళలో వండి పెట్టారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే ఆమె వెళ్ళలేదని చెబుతారు. పేరు కోసమైతే వెళ్ళాల్సింది గదా! సరే, పుణ్యం కోసమే అనుకుందాం, తృప్తి కోసమే అనుకుందాం. బస్సు కోసం పరుగెత్తినవాడికి చెమట పడుతుంది. చెమట కోసమే పరుగెత్తాడని ఎవరైనా అంటారా? సాయం చేశాక కలిగే తృప్తి కూడా ఆ చెమట లాంటిదే.

దీన్ని పరీక్షకు పెట్టినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు కలిసి 1981లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక అమ్మాయికి కరెంటు షాకులు ఇస్తున్నట్టు విద్యార్థినులకు టీవీలో చూపించారు. ఆ షాకులు నిజమైనవి కావు, ఆ సంగతి చూసేవాళ్ళకు తెలియదు. కొందరికి కాసేపు చూసి వెళ్ళిపోయే వీలు ఇచ్చారు, కొందరిని చివరిదాకా చూడాలన్నారు. తర్వాత, "ఆమె బదులు నువ్వు కూర్చుంటావా?" అని అడిగారు. మన బాధ పోగొట్టుకోవడానికే సాయం చేస్తామన్నది నిజమైతే, తలుపు తెరిచి ఉన్నవాళ్ళందరూ వెళ్ళిపోవాలి. ఆ అమ్మాయి అభిరుచులు తమలాంటివే అని విన్నవాళ్ళలో చాలామంది, వెళ్ళిపోయే వీలు ఉండి కూడా, ఆమె చోట కూర్చోవడానికి సిద్ధపడ్డారు. ఆమె తమలాంటిది కాదని విన్నవాళ్ళలో ఎక్కువమంది తలుపు దారి పట్టారు. శాస్త్రవేత్తల్లో ఈ వాదన ఇంకా ముగియలేదు, నిజమే. కానీ "అంతా స్వార్థమే" అని నవ్వి తేల్చేసే హక్కు మాత్రం పెద్దాయనకు లేదు. ఆ నవ్వు వల్ల లాభం ఎవరికి? చేసేవాడు స్వార్థపరుడని తేలితే, చేయనివాడు నిజాయితీపరుడైపోతాడు. కుర్చీలోంచి లేవకుండానే దొరికే గౌరవం అది.

ఇక రెండో జవాబు, "మనవాళ్ళు కాదు". ఇది మొదటిదానికంటే బలమైనది. పై ప్రయోగంలోనే చూశాం, "మనలాంటిది" అన్న ఒక్క మాటతో ఎంత తేడా వచ్చిందో. 2005లో ఇంగ్లండులో లెవిన్ అనే ఆయన, తోటి పరిశోధకులు ఇంకో ప్రయోగం వెలువరించారు. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు నడుస్తుంటే, వాళ్ళ ముందు ఒకతను జారిపడి కాలు పట్టుకుంటాడు. తమ జట్టు చొక్కా వేసుకొని పడితే దాదాపు అందరూ ఆగారు. పోటీ జట్టు లివర్‌పూల్ చొక్కా అయితే చాలామంది దాటిపోయారు. రెండోసారి వేరే అభిమానులను పిలిచి, జట్టు గురించి కాక, ఫుట్‌బాల్ ఆటను ప్రేమించేవాళ్ళ గురించి ముందుగా మాట్లాడించారు. ఈసారి లివర్‌పూల్ చొక్కావాడికీ ఎక్కువమంది చేయి అందించారు. మామూలు చొక్కావాడిని మాత్రం అప్పుడూ ఎక్కువమంది దాటిపోయారు.

ఇందులో సిగ్గుపడాల్సిందీ ఉంది, ధైర్యం తెచ్చుకోవాల్సిందీ ఉంది. గీత గీస్తాం, అది సిగ్గు. ఆ గీత రాతి మీద గీసింది కాదు, రెండు మాటలతో జరుగుతుంది. అది ధైర్యం.

మరి మనం ఏ గీత గీసుకుంటున్నాం? బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో మన తెలుగు పిల్లలకు అమ్మభాషలో నాలుగు అక్షరాలు దక్కాలని మనం కోరుతాం. అక్కడి ఒడియావాళ్ళు మనసు పెద్దది చేసుకోవాలని అడుగుతాం. అదే ఒడిశా నుంచి వచ్చిన పిల్లవాడు మన గది గుమ్మం దగ్గర నిలబడితే "నువ్వు మావాడివి కావు" అంటామా? బొంబాయిలో కామాఠీపుర అన్న పేరు, ఆ నగరంలో కట్టుబడి పనులకు వెళ్ళిన మన తెలుగు కామాఠీల నుంచి వచ్చిందే. ఇటుకలు మోసి పొట్టపోసుకోవడం తెలుగువాడికి కొత్త కాదు. పరాయి ఊళ్ళో భాష తెలియక బిత్తరపోవడమూ కొత్త కాదు. ఆ పిల్లలు మనకు పరాయివాళ్ళా? భాష వేరైతే కావచ్చు, బతుకు మాత్రం మన తాతలదే.

"ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు, మన పిల్లలకే తెలుగు రావడం లేదు" అని నా మిత్రుడొకరు అన్నారు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. సంఘం దగ్గర ఉన్న డబ్బు కొంచెం, మనుషులు ఇంకా కొంచెం. రెండు పనుల్లో ఒకటే చేయగలిగితే మన పిల్లల పనే ముందు చేయమంటాను. కానీ ఆ సాయంత్రం ఎవరూ డబ్బు అడగలేదు. అడిగింది ఒక గది, ఒక నల్లబల్ల. ఆ గదిలో ఆ వేళకు తెలుగు పాఠం జరుగుతుంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. జరగడం లేదు. తాళం ఉంది.

మూడోది మా మౌనం. దీనికి పెద్దాయనను తప్పుపట్టలేను, ఇది నాది. 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు న్యూయార్కులో విద్యార్థులను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, మైకులో మాట్లాడించారు. మధ్యలో ఒక గొంతుకు మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్ళలో నూటికి 85 మంది ఆ గొంతు ఆగిపోయేలోపే సాయానికి లేచారు. ఇంకా నలుగురు వింటున్నారని అనుకున్నవాళ్ళలో అలా లేచింది 31 మందే. లేవనివాళ్ళు రాతి గుండెలవాళ్ళు కాదు. తర్వాత గదిలోకి వెళ్ళి చూస్తే వాళ్ళలో చాలామందికి చేతులు వణుకుతున్నాయి, అరచేతులకు చెమట పట్టింది. ఎవరో ఒకరు లేస్తారులే అనుకుంటూ, లేవాలా వద్దా అని తేల్చుకోలేక ఉండిపోయారు.

ఆ రోజు నా సంగతీ అంతే. ఆ కుర్రవాడు కూర్చుంటూ నా వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నేను మాట్లాడతాననుకున్నాడు కాబోలు. ఎవరైనా మొదలుపెడితే నేనూ ఒక మాట కలుపుదామనుకున్నాను. పదిహేనుమందిమీ అదే అనుకొని ఉంటాం. మేము చెడ్డవాళ్ళం కాము. ఆ పిల్లలకు మాత్రం మా మంచితనం చెడ్డతనంకంటే భిన్నంగా కనబడే వీలు లేకపోయింది.

అందుకని, మనుషుల్లో మంచితనం తగ్గిపోయిందని వాపోయే ఉపన్యాసాలు ఇక చాలు. "అందరూ సహకరించాలి" అని తీర్మానం రాస్తే ఎవరూ సహకరించరు. పేరు పెట్టి అడగాలి, రోజు చెప్పి అడగాలి. వచ్చే సమావేశంలో ఆ ప్రతిపాదనను నేనే మళ్ళీ పెడుతున్నాను. మంగళవారం నా వంతు. గురువారం ఆ కుర్రవాడిది. శనివారం మాత్రం ఖాళీగా ఉంది. దానికి పెద్దాయననే, పేరు పెట్టి, అందరి ముందూ అడుగుతాను. ఆయన పేరు కోసం ఒప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఈలోగా సంఘం గది తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరైనా చెబితే చాలు.