సముద్రాన్ని పిల్లల చేత గీయిద్దాం

చిత్రలేఖనం పీరియడు అంటే లెక్కల మాస్టారు అరువు తీసుకునే గంట అని మన పాఠశాలల్లో ఒక చమత్కారం ఉన్నది. నవ్వులాటకు అన్న మాటే అయినా అందులో సత్యం లేకపోలేదు. ఆ గంటను పిల్లలకు తిరిగి ఇప్పించాలనీ, వారు కంటితో చూడని సముద్రాన్ని వారికి పరిచయం చేయడానికి అది చక్కని సాధనమనీ మా అభిప్రాయం.

హైదరాబాదు నుండి బందరు తీరానికి రోడ్డు మార్గాన 300 కిలోమీటర్లకు పైబడిన దూరం. ఇక్కడి బాలబాలికలలో అనేకులకు సముద్రం ఒక పాఠం మాత్రమే. మేము చూడబోయిన ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు నల్లబల్లపై రెండు వంపు గీతలతో ఒక చేపను వేశారు. నలభై మంది పిల్లలూ దానినే దించుకున్నారు. నలభై పలకల మీదా ఉన్నది ఒక్కటే చేప! చేతికి పని దొరికింది గాని కంటికి దొరకలేదు.

జపానులో 19వ శతాబ్దంలో చేపకు సిరా పూసి, కాగితం అద్ది, అచ్చు తీసే పద్ధతి ఏర్పడింది. దానిని గ్యోటాకు అంటారు. మన బజారులో దొరికే చందువా, వంజరం చేపలతో ఆ పని ఏ తరగతిలోనైనా చేయవచ్చును. పళ్లెం వలె పలచనిది చందువా. కదురు వలె కోసుగా ఉండేది వంజరం. రెండు అచ్చులనూ పక్కపక్కన పెట్టినప్పుడు, వీటిలో వేగంగా ఈదేది ఏది, ఎందుచేత అని పిల్లలే అడుగుతారు. ప్రశ్న పుట్టిన చోటనే విద్య మొదలవుతుంది.

రంగులు కూడా పాఠం చెబుతాయి. నీటిలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు రంగు మొట్టమొదట మాయమవుతుంది. 200 మీటర్లు దాటితే వెలుగు బహు స్వల్పం. పొడవైన కాగితానికి పైనుండి కిందికి లేత నీలం మొదలు నలుపు వరకు రంగు వేయించి, ఏ జీవి ఏ లోతున ఉండేదో అతికించమంటే చాలును. అగాధంలోని జీవులలో కొన్ని ఎర్రగా ఉండడం అలంకారం కాదనీ, ఎరుపు కనిపించని చోట అది దాగుకొనే ఉపాయమనీ వారికి బోధపడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది తాబేలు బొమ్మ. ఆంధ్ర తీరానికి శీతకాలాంతంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టవస్తాయి. ఒక్కొక్క గూటిలో సుమారు నూరు గుడ్లు. వీటికి ఉన్నవి తెడ్లవంటి కాళ్లు. చెరువు తాబేలు వలె తలను చిప్పలోనికి ముడుచుకోలేవు. ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవులు గనుక వలలో చిక్కి పైకి రాలేకపోతే మరణిస్తాయి. నేలపై సుద్దతో నూరు పిల్లలను గీయించి, పీతకు కొన్ని, పక్షికి కొన్ని, దారి తప్పించే వీధి దీపాలకు కొన్ని, వలకు కొన్ని తుడిపించండి. మిగిలిన ఒకటి రెండింటిని తుడవడానికి ఏ పిల్లవాడికి చేయి వస్తుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్షరాలలో చెప్పినది వాని మనస్సుకు అప్పుడు తాకుతుంది.

ఒక హెచ్చరిక. సముద్రం బొమ్మకు థర్మాకోలు, ప్లాస్టిక్కు, మెరుపు పొడి వాడి మరునాడు చెత్తలో పారవేయడం ఏమి న్యాయం? ఆ చెత్త కాలువ వెంట తుదకు చేరేది సముద్రానికే. పాత వార్తాపత్రిక, సుద్ద, పసుపు, బొగ్గు మనకు చాలవా?

పరీక్షలకు ఇది పనికిరాదని కొందరు పెద్దలు అనవచ్చును. చేతితో గీసి తెలుసుకున్నది బట్టీ పట్టినదాని కంటె ఎక్కువ కాలం నిలుస్తుందని మా అనుభవం. పైగా ఉర్దూ చదివే బాలిక 'మఛ్లీ' అన్నా, తెలుగు చదివే బాలుడు 'చేప' అన్నా కాగితంపై అచ్చు ఒక్కటే. రెండు భాషల బిడ్డలను ఒకే చాపపై కూర్చుండబెట్టగల పాఠాలు మనకు ఎన్ని ఉన్నవి?

మా సహవిద్యార్థులలో రేపు ఉపాధ్యాయులు కాబోయేవారు పలువురు ఉన్నారు. వారు చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలకు నెలకు ఒక్క మధ్యాహ్నం వెళ్లి ఈ పని చేయడానికి కళాశాల కమిటీవారు అనుమతి ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. ఖర్చు రెండు చేపలు, కొంత సిరా, పాత కాగితాలు. ఇంత తక్కువ ధరకు సముద్రం మరెక్కడ దొరుకుతుంది?