గేటు వేసే వేళ

పదిమందిలో నోరు విప్పి మాట్లాడటం నాకు విశ్వవిద్యాలయం హాస్టల్ మెస్ కమిటీ పుణ్యాన వచ్చింది. బియ్యం బస్తాలు దగ్గరుండి తూకం వేయించడం, కూరగాయల బిల్లు సరిచూడటం, నెలాఖరున అందరి ముందూ లెక్క అప్పజెప్పడం, నిలదీస్తే కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా జవాబివ్వడం... అంతకుముందు ఇంట్లో నా చేతికి డబ్బు ఇచ్చినవాళ్ళే లేరు. నీళ్ళ కోసం వార్డెనుకు రాసిన మొదటి అర్జీ మీద ఏడుగురమే సంతకాలు పెట్టాం. రెండోసారి హాస్టలంతా పెట్టింది. (నీళ్ళు మాత్రం మూడో అర్జీకి గానీ రాలేదు!)

1974లో ఉస్మానియా విద్యార్థినులు పి.ఓ.డబ్ల్యు. సంఘం కట్టి వరకట్నం మీదా, వీధుల్లో వేధింపుల మీదా పోరాడింది ఏ సిలబస్ చదివి?

ఈ చదువుకు సాయంత్రాలు కావాలి. సభలూ చర్చలూ నాటకాల రిహార్సళ్ళూ పొద్దుగూకాకే మొదలవుతాయి. చాలాచోట్ల ఆడపిల్లల హాస్టల్ గేటుకు తాళం పడేదీ అప్పుడే. అదేమంటే భద్రత అంటారు. భద్రత పేరు చెప్పి విద్యార్థినులకు వేరే హాస్టల్ నియమాలు పెట్టరాదని యు.జి.సి. 2015లోనే నిబంధన చేసింది. విద్యార్థులకు సంబంధించిన లైంగిక వేధింపుల ఫిర్యాదైతే, విచారణ కమిటీలో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు ఉండాలనీ అందులోనే ఉంది. ఏడింటికల్లా గదిలో ఉండాల్సిన పిల్ల ఎవరిని ఓటడుగుతుంది? గెలిచినా, ప్రొఫెసరును ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించే ధైర్యం ఎక్కడ నేర్చుకుంటుంది?

మిత్రులారా, మీ దగ్గరి కాలేజీలకు వెళ్ళండి. గేటు ఎన్నింటికి వేస్తున్నారో, మెస్ లెక్కలు ఎవరు చూస్తున్నారో, కమిటీలో ఉన్న అమ్మాయిలను ఎన్నుకున్నారో ప్రిన్సిపాలే వేశారో అడిగి మాకు రాయండి.