ఊపిరితిత్తులకు నమ్మకంతో పని లేదు

2021 మే నెల. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. ఆసుపత్రుల్లో పడకల్లేవు, ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం రాత్రనకా పగలనకా తిరుగుతున్నారు. అప్పుడే నెల్లూరు జిల్లా కృష్ణపట్నం నుంచి ఒక వీడియో బయల్దేరింది. ఊపిరాడని స్థితిలో వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు కళ్ళలో అక్కడి నాటువైద్యుడు ఆనందయ్య మందు చుక్కలు వేశారు. కాసేపట్లోనే ఆయన తేరుకుని, తనకు బాగుందని కెమెరా ముందు చెప్పారు. మే 21న వేలాదిమంది ఆ ఊరి మీద పడ్డారు. కొందరు రోగులను అంబులెన్సుల్లోనే తెచ్చి వరసలో నిలిపారు. చివరికి పంపిణీ ఆపాల్సి వచ్చింది. హెడ్‌మాస్టరు గారు మళ్ళీ ఆయాసంతో నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చేరి, నెలాఖరున కన్నుమూశారు. బాగున్నానన్న ఆయన మాట వెళ్ళినంత దూరం ఆయన చావు కబురు వెళ్ళలేదు. ఆ నెలాఖరులోనే ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా మందుల పంపిణీకి అనుమతి ఇచ్చింది. ఆ మందులు కరోనాను తగ్గిస్తాయన్న రుజువు అప్పటికీ లేదు.

ఆ పెద్దాయన అబద్ధం చెప్పలేదు. చావు అంచున ఉన్న మనిషికి ఎవరో ఏదో చేశారు, చుట్టూ జనం ఆశగా చూస్తున్నారు, ఆ క్షణాన ఆయనకు నిజంగానే తేలిగ్గా అనిపించి ఉంటుంది. కానీ అనిపించడం వేరు, ఊపిరితిత్తుల్లో జరుగుతున్నది వేరు. ఈ తేడా తెలియకపోతే ప్రాణాలు పోతాయి.

తెలియనివాళ్ళను అనడానికేముంది? కోపం వచ్చేది చదువుకున్నవాళ్ళ మీద. ప్రవచన వేదికల మీద, టీవీ చర్చల్లో, ఒక్కోసారి తెల్లకోటు వేసుకున్నవారి నోట కూడా ఒకే మాట: ‘ప్లసీబో ఎఫెక్ట్ ఉందని సైన్సే ఒప్పుకుంది. అంటే నమ్మకమే సగం మందు. మరి జనం నమ్మకాన్ని ఎందుకు చెడగొడతారు?’

సైన్సు ఒప్పుకున్నది అది కాదు. హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు 1955లో 15 అధ్యయనాలను కలిపి చూసి, ప్లసీబోతో, అంటే మందని నమ్మించి ఇచ్చే ఉత్తుత్తి మందుతో, దాదాపు 35 శాతం మందికి ఉపశమనం దొరికిందని రాశాడు. నమ్మకంతోనే మూడోవంతు జబ్బులు నయమవుతాయన్న ప్రచారానికి మూలం అదే. దానంతట అదే తగ్గే జబ్బును, బాగా ముదిరినప్పుడు వచ్చి నాలుగు రోజులకు సహజంగా నెమ్మదించిన రోగిని, డాక్టరు మనసు నొప్పించలేక ‘పర్లేదండీ, నయంగానే ఉంది’ అన్న మొహమాటస్తుణ్ణి ఆయన ఒకే లెక్కలో వేసేశాడు. ఏ మందూ, ఏ ఉత్తుత్తి మందూ తీసుకోనివాళ్ళ సంగతేమిటని చూడలేదు. 2001లో ఇద్దరు డెన్మార్క్ పరిశోధకులు ఆ పని చేశారు. ఏ చికిత్సా లేని గుంపు కూడా ఉన్న 114 పరీక్షలను జల్లెడపట్టారు. నొప్పిలాంటి, రోగి చెబితే తప్ప తెలియని బాధల్లో ఉత్తుత్తి మందుకు కొద్దిపాటి ప్రభావం కనిపించింది. పరికరంతో కొలవగలిగిన విషయాల్లో చెప్పుకోదగ్గ ప్రభావమేదీ కనిపించలేదు.

ఉబ్బసం మీద 2011లో బోస్టన్‌లో జరిగిన పరిశోధన గురించి తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. అందులో 39 మంది చివరిదాకా ఉన్నారు. ఒక్కొక్కరికీ వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలుగా చేశారు: అసలు మందున్న ఇన్‌హేలర్ (ఆ మందును మన దగ్గర సాల్బుటమాల్ అంటాం), మందు లేని ఇన్‌హేలర్, సూది దిగని ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, చివరగా ఏమీ చేయకుండా కూర్చోబెట్టడం. తర్వాత ఎలా ఉందని అడిగారు. అసలు మందుతో 50 శాతం మెరుగు అన్నారు. మందు లేని ఇన్‌హేలర్‌తో 45 శాతం, ఉత్తుత్తి సూదులతో 46 శాతం. ఏమీ చేయనప్పుడు 21 శాతం. ఇక్కడ ఆగిపోతే నమ్మకం గెలిచినట్టే ఉంటుంది. కానీ వాళ్ళు గొట్టంలోకి గట్టిగా ఊదించి, మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో కూడా కొలిచారు. అసలు మందుతో అది 20 శాతం పెరిగింది. మిగతా మూడింటితోనూ 7 శాతం దగ్గరే ఉండిపోయింది. ఉత్తుత్తి మందుకూ, ఊరికే కూర్చోవడానికీ ఊపిరితిత్తుల లెక్కలో తేడా లేదు.

ఇంత భయపెట్టే ఫలితాన్ని ఊరట కబురుగా ఎలా చదువుతారో అర్థం కాదు. ఊపిరి గొట్టాలు మూసుకుపోతున్నా బాగున్నానని అనిపించడం ఉబ్బసం రోగికి వరం కాదు. ఆసుపత్రికి పరుగెత్తాల్సిన వేళ మంచం మీద పడుకోబెట్టేది ఆ అనిపించడమే.

మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం పంచే చేప మందును ఈ వెలుగులో చూడాలి. పసుపురంగు ముద్ద నోట్లో పెట్టిన బతికున్న కొర్రమీను పిల్లను రోగి గొంతులో వేస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. 1845లో ఒక సాధువు చెప్పిన రహస్యమని కుటుంబం అంటుంది. వాళ్ళు డబ్బు తీసుకోరు, అది నిజమే. 45 రోజుల పథ్యం, వరసగా మూడేళ్ళు రావాలన్న నియమం ఉన్నాయి. మూడేళ్ళంటే మాటలా? చిన్నప్పుడు ఆయాసపడే పిల్లల్లో చాలామందికి వయసు పెరిగేకొద్దీ అది దానంతటదే తగ్గుతుంది. తగ్గినవాళ్ళు కృతజ్ఞతతో మరో పదిమందికి చెబుతారు. తగ్గనివాళ్ళు రావడం మానేస్తారు, వాళ్ళ లెక్క ఎవరూ రాయరు. జనవిజ్ఞాన వేదిక ఏళ్ళ తరబడి రుజువులు అడిగింది, కోర్టుల దాకా వెళ్ళింది. మందు పేరు ప్రసాదంగా మారింది తప్ప రుజువు రాలేదు. డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె ప్రకారం, ఉబ్బసాన్ని నయం చేస్తుందని ఏ మందూ చెప్పుకోకూడదు. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం ఇక్కడ చేప పిల్లలు సమకూరుస్తుంది, పోలీసు బందోబస్తు పెడుతుంది. 2012లో కాటేదాన్‌లో తొక్కిసలాటకు ఒక ప్రాణం పోయింది. 2024లో నాంపల్లిలో వరసలో నిలబడ్డ ఒక వృద్ధుడు కుప్పకూలి చనిపోయాడు. వాళ్ళను మందు చంపలేదు. ఊపిరాడని ముసలివాళ్ళను జూన్ ఎండలో, తోపులాటలో నిలబెట్టిన నమ్మకం మాత్రం జవాబు చెప్పాలి.

ఈ వ్యాసకర్త మేనత్త ఉబ్బసం మనిషి. రాత్రిళ్ళు ఆమె ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు పక్క గదిలోకి వినిపించేవి. డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే, అది అలవాటైపోతుందని ఇంట్లో పెద్దలు పక్కన పెట్టించారు. పొరుగూళ్ళో ఆదివారాలు పసరు మందు పోసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. తాగొచ్చిన సాయంత్రం ‘ఎలా ఉంది అత్తా?’ అని అడిగితే ‘హాయిగా ఉందిరా’ అనేది. అది మర్యాద కోసం అన్న మాట కాదు. ఆమెకు అలాగే అనిపించేది. మెట్లెక్కితే మాత్రం మూడో మెట్టు దగ్గర ఆగిపోయేది. ఒక చలికాలం తెల్లవారుజామున ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే పోయింది. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఎవరో అన్నారు: ‘పథ్యం సరిగా చేసి ఉండదు. గురి కుదరాలి కదా.’

ఆ మాటలోని క్రూరత్వం అంతా ఇంతా కాదు. జబ్బు తగ్గితే ఘనత మందుది, తగ్గకపోతే తప్పు రోగిది. చచ్చిపోయిన మనిషిని కూడా నమ్మకం చాలని మనిషిగా నిలబెడతారు. క్యాన్సర్ వార్డుల్లో ఇదే మాట చదువుకున్నవాళ్ళ వేషం వేసుకొస్తుంది: పాజిటివ్‌గా ఉండండి, మనోబలంతో జయించవచ్చు. తల, మెడ క్యాన్సర్‌తో చికిత్సలో ఉన్న 1,093 మంది వివరాలను జేమ్స్ కోయ్న్ బృందం పరిశీలించి 2007లో ప్రకటించింది. రోగి మానసిక స్థితికీ, ఎంతకాలం బతికారన్నదానికీ సంబంధం కనిపించలేదు. కీమో వాంతుల మధ్య నవ్వలేకపోయిన తల్లి తన చావును తాను తెచ్చుకోలేదు. ఆమె పిల్లలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

ప్రార్థననూ పరీక్షించారు. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద జరిగిన ఆ అధ్యయనం 2006లో వెలువడింది. తమకోసం ప్రార్థిస్తారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతం మందికి, జరగనివారిలో 51 శాతం మందికి ఇబ్బందులు తలెత్తాయి. ప్రార్థిస్తున్నారని ముందే తెలిసినవారిలో 59 శాతం మందికి. ఇది కాకతాళీయం కావచ్చని పరిశోధకులే అన్నారు. ప్రార్థన మేలు చేసిందని మాత్రం ఎవరూ అనలేకపోయారు.

మనసుకు ఏ పాత్రా లేదని కాదు. నొప్పి, వికారం, నిద్రలేమిలాంటివి మాటతో, ఓదార్పుతో కొంత తగ్గుతాయి. హార్వర్డ్‌కు చెందిన టెడ్ కాప్‌చుక్ బృందం 2010లో పేగుల జబ్బుతో బాధపడే 80 మందిలో కొందరికి ‘ఇందులో మందేమీ లేదు’ అని చెప్పే మాత్రలిచ్చింది. 59 శాతం మంది ఉపశమనం ఉందన్నారు. మాత్రలు తీసుకోనివాళ్ళలో అలా అన్నది 35 శాతం. అంటే ఆ కాస్త మేలు కోసం కూడా రోగికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. రోగి పక్కన పది నిమిషాలు కూర్చుని, చెప్పేది వినే డాక్టరు ఉంటే చాలా వరకు అదే దొరుకుతుంది. మన ప్రభుత్వాసుపత్రుల ఓపీలో రోగికి రెండు నిమిషాలు కూడా దక్కడం లేదు. నాటువైద్యుడి గుమ్మం ముందు జనం బారులు తీరడానికి అది పెద్ద కారణం. దాన్ని సరిదిద్దాల్సింది ఆసుపత్రిలో.

ప్రపంచంలో ఉబ్బసంతో చనిపోయేవాళ్ళలో నూటికి 40 మందికి పైగా మన దేశస్థులేనని 2019 నాటి అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. రోగుల్లో మన వాటా మాత్రం అందులో మూడోవంతే. రోజూ పీల్చాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను క్రమం తప్పక వాడేవారిలో మరణాలు తగ్గుతాయని కెనడాలోని సస్కాచెవాన్ రోగుల రికార్డులతో 2000లోనే తేల్చారు. ఆ మందు మన ఊళ్ళలోనూ దొరుకుతుంది.

చేప పిల్లలు సమకూర్చే ప్రభుత్వం వచ్చే జూన్‌లో చేప మందు పంచే మైదానంలోనే ఊపిరి కొలిచే పరికరాలు పెట్టాలి. వచ్చినవారి ఊపిరిని అప్పుడూ, 45 రోజుల పథ్యం ముగిసినప్పుడూ కొలిచి, ఆ అంకెలు అందరికీ చూపించాలి. ఉబ్బసం ఉన్న పాఠకులు ఎవరి మాట విన్నా, ఏ ప్రసాదం పుచ్చుకున్నా, ఇన్‌హేలర్ మాత్రం మానకండి. ఒక పీక్ ఫ్లో మీటరు కొనుక్కుని ఉదయం, సాయంత్రం ఊది ఆ అంకె రాసుకోండి. అది పడిపోతుంటే, ఎంత హాయిగా అనిపిస్తున్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.