బెల్లం: రంగుకు ధర కట్టినంత కాలం విదేశీ బేరం దక్కదు

చోడవరం: విదేశాలలో కాపురముంటున్న తెలుగువారి పచారీ కొనుగోళ్లను ఇక్కడి బెల్లం వర్తకులు చిల్లర బేరంగా తీసిపారేయడం తగదు. ఆ గిరాకీ ఎంత గట్టిదో బియ్యం వ్యవహారమే రుజువు చేసింది.

2023 జూలై 20న కేంద్రం బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించగానే అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు మనవారు బారులు తీరారు. 20 పౌన్ల సోనామసూరి సంచి కుటుంబానికి ఒకటేనని కొన్నిచోట్ల బోర్డులు పెట్టారు. అక్కడ వేరే దేశాల బియ్యానికి కొదవ లేదు. అయినా అలవాటైన బియ్యమే కావాలన్నారు. 2024 సెప్టెంబరులో నిషేధం తొలగింది గాని, పాఠం మిగిలింది. ధర హెచ్చినా వదులుకోని ఖాతాదారు అతడు.

సంక్రాంతి అరిసెలకు, ఉగాది పచ్చడికి అదే ఖాతాదారుకు బెల్లం కావాలి. మన గానుగలు జోరుగా ఆడేదీ ఆ రోజుల్లోనే. అయినా బయట పేరు కొల్హాపూరు సరుకుదే. దానికి 2014లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మనకు అడ్డు రంగు. తెల్లని దిమ్మకు మొదటి రకం ధర, నల్లనిదానికి కోత. అందుచేత రైతు పాకంలో హైడ్రోస్ వేస్తున్నాడు. దానివల్ల సరుకులో గంధకపు అవశేషం మిగులుతుంది. మన దేశపు నిబంధనల ప్రకారం బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 70 పాళ్లు మించరాదు. అమెరికాలోనైతే 10 పాళ్లు ఉన్నా సల్ఫైట్లు ఉన్నాయని పొట్లంపై అచ్చు వేయాలి. ఆ మాట చదివిన గృహిణి పొట్లం తిరిగి అరలో పెట్టేస్తుంది.

ఈ తప్పు రైతు ఒక్కడిదే అనడం న్యాయం కాదు. మందు మానేసి వండితే దిమ్మ ముదురు రంగుకు దిగుతుంది, వేలంలో నష్టం అతడికే. కనుక మొదటి అడుగు కొనుగోలుదారులే వేయాలి.

ఒడిశా, బెంగాలు బేరాలకు తెల్ల సరుకే అడుగుతారన్న మాట కాదనలేనిది. ఆ వ్యాపారాన్ని ఎవరూ మానుకోనక్కరలేదు. ఎగుమతి సరుకును వేరే లాటుగా నడపాలి. బెండ జిగురుతో మడ్డి తీసి, శుభ్రమైన పెనంలో వండిన బెల్లానికి వంటకు ముందే ధర ఖాయం చేసి కాగితంపై రాసివ్వాలి. లాటు వారీగా పరీక్ష చేయించాలి. పెద్ద దిమ్మ విదేశపు వంటింటికి పనికిరాదు. అరకిలో, కిలో అచ్చులు పోయించి, చెమ్మ తగలకుండా కట్టించాలి.

తొలి ఏడాది పదిమంది రైతులతో నడిపినా చాలు. రంగుకు హెచ్చు ధర పెడుతూ శుభ్రమైన సరుకు రాలేదని వాపోవడం వర్తక ధర్మం కాదు. వచ్చే గానుగాటకు ముందే చోడవరం, అనకాపల్లి వర్తకులు కూర్చుని ఈ ధర తేల్చుకోవడం ఉభయులకూ లాభం.