షావుకారు పోయాడు, కోత పోలేదు

మా తాతలు సంతకు చింతపండు మోసుకెళ్తే షావుకారు తూకంలో కొట్టేసేవాడు. ఇప్పుడు మన్యంలో ఆ తూకంరాయి పనిలేదు. ఉపాధి కూలి ఖాతాలో పడుతుంది. కనీస నిల్వ లేదనీ, మెసేజి చార్జీ అనీ అక్కడే తెగుతుంది. కూలి పోగొట్టుకుని, జీపు కిరాయి పెట్టుకుని అడగడానికి పోతే ఒకటే జవాబు: "సిస్టమ్ కట్ చేసింది." సిస్టమ్‌కు చేతులున్నాయా?

జన్‌ధన్ ఖాతాకు కనీస నిల్వ నియమమే లేదు. మామూలు పొదుపు ఖాతాలోనైనా ఆ జరిమానాతో నిల్వను సున్నా కిందికి దించరాదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది.

కాబట్టి బతిమాలడం మానేద్దాం. ముందు బ్యాంకుకు కాగితం రాసిచ్చి రసీదు తీసుకుందాం. 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే, 2 ఏళ్లలోపు కేసు వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు.

"రెండొందలకు కేసా?" అని నవ్వుతారు. నవ్వనీండి. గడపకు రెండొందలైతే ఊరికెంతో మా బడిపిల్లలే చెప్తారు. ఆ లెక్క నేర్పిన మేమే ఇక కమిషన్ ముందు కట్టి చూపిస్తాం.